వార్త వినేదెవరు? నిజం తేల్చేదెవరు?

(పాడర్‌బోర్న్‌లో జరిగిన ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము పండితులం కాము. మలేసియాలో ముప్పై రెండేళ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పుచ్చుకున్నవాళ్లం. మా తాతగారు శ్రీకాకుళం ప్రాంతం నుంచి ఓడ ఎక్కి పేరాక్ రాష్ట్రంలోని బాగన్ డతో కొబ్బరి తోటల్లో కూలికి కుదిరారు. ఆ లెక్కన మాది మూడవ తరం. మా తెలుగు కూడా పగటి బడిలో వచ్చినది కాదు. పగలు మలాయి, ఇంగ్లీషు చదువుకుని, సాయంకాలం లాంతరు వెలుగులో పెద్దలు నడిపిన తరగతిలో నేర్చుకున్నది. 2018లో కుమారుని వద్దకు ఈ ఊరు వచ్చిన నాటి నుంచి మేమూ, మా శ్రీమతీ వారానికొక సాయంకాలం ఇక్కడి పిల్లలకూ తల్లులకూ ఆ నాలుగు అక్షరాలే చెబుతున్నాము. మా మాటలో దోషాలుంటే పెద్దలు మన్నించగలరు.

భాషను గురించి మాట్లాడమని కార్యవర్గంవారు కోరారు. భాష దేనికి? మంచీ చెడ్డా తెలుసుకోవడానికి, తెలుసుకున్నది పదిమందితో చెప్పుకోవడానికే గదా! అందుచేత ఈ సాయంకాలం ఒక చిన్న ప్రశ్న మీ ముందు పెడతాము. మన ఇళ్లలో వార్తలు చదివేదెవరు? వచ్చిన వార్త నిజమో అబద్ధమో తేల్చేదెవరు? ఈ విషయంలో ఆడవారికీ మగవారికీ నడుమ ఒక ఎడం ఉన్నది. ఆ ఎడం వల్ల మా ఇంట్లో జరిగిన రెండు సంగతులు ముందు చెబుతాము.

మొదటిది మా నాన్నగారు చెప్పగా విన్నది. తోటలో పొద్దుగూకాక మగవారంతా మేస్త్రీ ఇంటి అరుగు మీద చేరేవారట. మద్రాసు నుంచి వచ్చిన ఆంధ్రపత్రిక ఎప్పుడైనా చేతికందితే చదువు వచ్చినవాడు పైకి చదివేవాడు, మిగిలినవారు వినేవారు. పత్రిక వారాల పాతదైనా వారికది కొత్తదే. ఆ వేళకు ఆడవారు నీళ్లు మోస్తూనో, పొయ్యి ముందు కూర్చునో ఉండేవారు. గోడ చాటున ఒక ముక్క వినిపిస్తే వినిపించినట్టు, లేకుంటే లేదు. మా నాయనమ్మకు అక్షరం రాదు. "ఆ కాగితంలో మన కూలి సంగతి ఉందా? లేదు గదా. మరి నాకెందుకు?" అనేదట.

1943లో జపాను వారి ఏలుబడిలో తోటలకు ఒక కబురు వచ్చింది. సయాం దేశంలో రైలుదారి వేస్తున్నారు, కొద్ది నెలల పని, మంచి కూలి, బియ్యం, మందులు, పని కాగానే తిరిగి ఇంటికి పంపిస్తారు అని. అరుగు మీద చదివి వినిపించారు. అచ్చులో ఉన్నది గనుక అందరూ నమ్మారు. మా నాయనమ్మ మాత్రం పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి ఒక్క మాట అడిగిందట. "ముందు పోయినవాళ్లలో తిరిగొచ్చిన మనిషిని ఒక్కడిని చూపించండి. అప్పుడు పోదురు గాని." అరుగు మీదివారు నవ్వారు. అక్షరం రానిదానికి ప్రపంచం ఏం తెలుసునన్నారు.

ఆ రాత్రి ఆమె తాతగారి గుడ్డల మూట తీసుకుపోయి బావి వెనుక దాచింది. తాతగారు కోప్పడ్డారు గాని ఆగిపోయారు. ఆయన తమ్ముడు, మా చినతాత, ఇంకా పెళ్లి కానివాడు, వెళ్లాడు. తరువాత తరువాత బలవంతంగా కూడా మనుషులను పట్టుకుపోయారు. ఆ సయాం–బర్మా రైలుదారి పొడవు 415 కిలోమీటర్లు. 1943 అక్టోబరులో పూర్తయింది. యుద్ధఖైదీలతో పాటు ఆసియా కూలీలు వేలకు వేలు ఆ అడవిలో జ్వరాలతో, కలరాతో, ఆకలితో పోయారు. మలయా తోటల నుంచి వెళ్లినవారిలో ఎక్కువమంది తమిళులు, వారి వెంట మన తెలుగువారూ ఉన్నారు. మా చినతాత తిరిగి రాలేదు. ఆయనకు మా ఇంట్లో తద్దినం పెట్టే తిథి కూడా లేదు.

దయచేసి ఒక సంగతి గమనించండి. ఆ రోజు పత్రిక అరుగు మీద ఉన్నది, ప్రశ్న పొయ్యి దగ్గర ఉన్నది. రెండూ ఒకచోట కూర్చోలేదు. అంతే జరిగింది.

రెండవ సంగతిలో అరుగు మీద కూర్చున్నవాళ్లం మేమే.

2020 మార్చి మాసం. కొత్త జ్వరం వచ్చి ఈ ఊళ్లో బడులు మూసివేశారు. ఆ రోజుల్లో జర్మన్ భాషలో ఒక గొంతు ఫోను నుంచి ఫోనుకు పాకింది. ఎవరో ఒక తల్లి గొంతు, ఆప్యాయమైన గొంతు. వియన్నా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో తనకు తెలిసినవారున్నారట. జబ్బు ముదిరినవారిలో ఎక్కువమంది ఇబుప్రొఫెన్ అనే జ్వరం మందు వేసుకున్నవారేనని అక్కడ కనిపెట్టారట. మేము ప్రతి ఉదయం పత్రిక చదివే మనిషిమి, రాత్రి వార్తలు చూసే మనిషిమి. అంత తెలిసిన మేము ఏం చేశాము? ఆ గొంతులోని సారాంశాన్ని చక్కని తెలుగులో రాసి మన వాట్సాప్ బృందానికి పంపాము. పదిమందికి మేలు చేశామని నిద్రపోబోయాము.

రాత్రి పదకొండుకు ఫోను మోగింది. మా తరగతికి వచ్చే ఒక చిన్న తల్లి, బిడ్డకు జ్వరం, ఇంట్లో ఉన్న మందు అదొక్కటే. మేము రాసింది చదివి సీసా పక్కన పెట్టి, ఒళ్లు కాలుతున్న పిల్లవాణ్ణి ఒళ్లో వేసుకుని కూర్చున్నది. మా శ్రీమతి ఆమెను రాత్రివేళ పనిచేసే డాక్టరుకు ఫోను చేయమని చెప్పి, మావైపు తిరిగి అడిగింది. "ఏమండీ, ఆ మాట చెప్పినావిడ ఎవరు? ఆసుపత్రివారు చెప్పారా, ఆసుపత్రివారు చెప్పారని ఎవరో చెప్పారా?" మా దగ్గర జవాబు లేదు. డాక్టరు ఆ తల్లికి ఏమి చేయాలో చెప్పాడు, పిల్లవాడు తెల్లవారేసరికి కుదుటపడ్డాడు. ఆ కబురు అబద్ధమని వియన్నా వైద్య విశ్వవిద్యాలయంవారు బహిరంగంగానే ఖండించారు. ఆ ఖండన మాకు మరునాడు దొరికింది. వెదికితే ముందే దొరికేదే.

మా శ్రీమతి పత్రిక చదవదు. పెళ్లయిన నలభై ఏళ్లలో ఎందుకు చదవవని మేమూ ఎన్నడూ అడగలేదు. ఆ రాత్రి తరువాత అడిగాము. "ఉదయం పత్రిక వచ్చే వేళకు నేను టిఫిను చేస్తుంటాను. మీరు చదవడం అయ్యాక అది కూరగాయల కింద పరుచుకునే కాగితమవుతుంది" అన్నది. నలభై ఏళ్లకు నేర్చుకున్న పాఠమది.

ఇది మా ఒక్క ఇంటి సంగతే అనుకున్నాము గాని, కాదు. ఆక్స్‌ఫర్డ్‌లోని రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ వారు ఏటేటా అనేక దేశాలలో జనాన్ని అడిగి నివేదిక వేస్తారు. వార్తలను అప్పుడప్పుడో తరచుగానో కావాలనే తప్పించుకు తిరుగుతామన్నవారు 2017లో నూటికి 29 మంది ఉంటే 2024లో 39 మంది అయ్యారు. అట్లా అన్నవారిలో మగవారికంటే ఆడవారు ఎక్కువ. వార్తలంటే ఎంతో ఆసక్తి అన్నవారిలో మగవారు ఎక్కువ.

ఎందుకిట్లా? బెంజమిన్ టాఫ్, రూత్ పామర్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటన్‌లో వార్తలకు దూరంగా ఉండే సామాన్య గృహస్థులను, ముఖ్యంగా స్త్రీలను, కూర్చోబెట్టి మాట్లాడించి 2019లో ఒక వ్యాసం ప్రకటించారు. వారు తేల్చినవి ముఖ్యంగా రెండు. వార్తలు మగవారి వ్యవహారమన్న భావం చిన్ననాటి నుంచి ఇంట్లోనే పాతుకుపోతుంది, దేశం సంగతి ఆయన చూసుకుంటాడు, ఇంటి సంగతి నేను చూసుకుంటాను అని. ఇక రెండవది, పిల్లలనూ పెద్దలనూ సాకే భారంతో పగలంతా అలసిన మనసు సాయంకాలం లోకంలోని దుఃఖాన్ని కూడా మోయలేదు. వ్యాసం చదువుతూ ఉంటే మాకు బాగన్ డతో అరుగే కనిపించింది. మా నాయనమ్మ అడిగిన మాట కూడా గుర్తుకు వచ్చింది, ఆ కాగితంలో నా సంగతి ఉందా అని. ప్రపంచ దేశాల వార్తలను లెక్కగట్టే ఒక పరిశీలన ప్రకారం, వార్తల్లో కనిపించే, వినిపించే మనుషులలో స్త్రీలు 1995లో నూటికి 17 మంది, 2020లో 25 మంది. పాతికేళ్లలో పెరిగింది ఎనిమిది! తన మొహం కనిపించని అద్దంలో ఎవరు రోజూ చూసుకుంటారు?

మన భాషలోనూ ఈ కథ పాతదే. 1883లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు స్త్రీల కోసం సతీహితబోధిని స్థాపించారు. అది గొప్ప పనే. కాని పేరులోనే చూడండి, స్త్రీలకు కావలసింది హితబోధ అని ఆనాటి పెద్దల తలంపు. లోకవార్త మగవారికి, నీతివాక్యం ఆడవారికి. తరువాత 1902లో ఏలూరులో వచ్చిన హిందూ సుందరి వంటి పత్రికల్లో స్త్రీలు తామే కలం పట్టారు. అయినా ఆ పంపకం గుర్తులు నేటికీ పూర్తిగా చెరగలేదు.

ఇక్కడ మగవారి తరఫున ఒక మాట ఒప్పుకోవాలి. వార్తలు ఎక్కువ చదివినంత మాత్రాన ఎక్కువ తెలిసినట్టు కాదు. 2004లో జెఫ్రీ మొండాక్, మేరీ ఆండర్సన్ అనేవారు అమెరికాలో రాజకీయ విషయజ్ఞానాన్ని కొలిచే పరీక్షలను పరిశీలించారు. మగవారికి మార్కులు ఎక్కువ వస్తున్నాయి. కాని ఆడవారు తెలియని ప్రశ్నకు తెలియదనే అంటున్నారు. మగవారు ఏదో ఒకటి ఊహించి చెబుతున్నారు, ఆ ఊహల్లో కొన్ని తగులుతున్నాయి. ఆ తేడాను తీసివేస్తే ఇద్దరి నడుమ ఎడం దాదాపు సగం మాయమవుతున్నది. బడిలో ఇది మేము ఏటా చూసినదే. వెనక బెంచీ కుర్రాడు చెయ్యెత్తి తప్పు చెబుతాడు, ముందు వరుస అమ్మాయి సరైన జవాబు నోట్లోనే పెట్టుకుని తల దించుకుంటుంది. మేమేమో చెయ్యెత్తినవాడినే చురుకైనవాడని మెచ్చుకున్నాము. నిజానికి నిజం తేల్చడమనే పని "నాకు తెలియదు" అన్న మాటతోనే మొదలవుతుంది.

అట్లాగని ఆడవారికి పుట్టుకతోనే వివేకం ఉన్నది, పత్రికతో పని లేదు అని మేము అనడం లేదు. ఆ మాట పొగడ్తలాగా ఉంటుంది గాని మళ్లీ వారిని పొయ్యి దగ్గరే కూర్చోబెడుతుంది. ఆ వియన్నా కబురు వచ్చింది తల్లి గొంతులోనే, పోయింది తల్లుల చేతుల్లోకే. జర్మనీలో కరెక్టివ్ వంటి సంస్థలు, హైదరాబాదులో ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు అబద్ధాలను పరిశీలించి ఖండనలు ప్రచురిస్తూనే ఉన్నాయి. అయితే అబద్ధం తనంత తానే ఇంట్లోకి వస్తుంది, ఖండన దగ్గరకు మనమే నడిచి వెళ్లాలి. వార్తల గుమ్మమే తొక్కనివారు ఖండన గుమ్మం ఎట్లా తొక్కుతారు? వదంతికి దెబ్బ తినేది ఎవరో, దాని విరుగుడు అందనిది వారికే.

ఈ దెబ్బ ఎంత దూరం పోతుందో మనం కూర్చున్న ఈ ఊరి చరిత్రే చెబుతుంది. పదిహేడవ శతాబ్దంలో జర్మన్ దేశాలలో మంత్రగత్తెలనే అపవాదు మీద ఎందరినో తగులబెట్టారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. పక్కింటి పాలు విరిగితే, పంటకు వడగళ్లు పడితే ఎవరో ఒకామె పేరు ఊళ్లో పాకేది. తరువాత చిత్రహింస, దాని తరువాత ఒప్పుకోలు. ఆ కాలంలో ఫ్రీడ్రిఖ్ స్పే అనే క్రైస్తవ గురువు ఈ పాడర్‌బోర్న్‌లో బోధకుడుగా ఉండేవాడు. ఆయన ఆ విచారణలను వరుసగా పరిశీలించి లాటిను భాషలో ఒక గ్రంథం రాశాడు. 1631లో అది రచయిత పేరు లేకుండా అచ్చయింది. ఆయన వాదం క్లుప్తంగా ఇది. మూలం జనం చెప్పుడు మాటలు, హింస పెట్టి రాబట్టిన ఒప్పుకోలు దేనికీ సాక్ష్యం కాదు. "నిప్పు లేనిదే పొగ రాదు" అంటాము మనం. పొగ ఉన్నది గనుక నిప్పు పెట్టిన మనుషుల కథ అది.

మీలో చాలామంది ఇక్కడి పెద్ద చర్చి ఆవరణలో మూడు కుందేళ్ల కిటికీ చూసే ఉంటారు. మూడు కుందేళ్లు గుండ్రంగా పరుగెడుతుంటాయి. ఏ కుందేలును చూసినా రెండు చెవులుంటాయి. మొత్తం ఎన్ని? ఆరు అంటారు. మా తరగతి పిల్లలూ అట్లాగే అన్నారు. దగ్గరకు పోయి వేలితో లెక్కబెట్టమన్నాము. మూడే! కళ్లతో చూశామనుకున్నది కూడా లెక్కబెట్టి చూడాలి. ఆ రోజు ముందుగా లెక్కబెట్టింది ఎనిమిదేళ్ల ఆడపిల్ల. ఈసారి మేము ఆ అమ్మాయినే ముందు అడిగాము లెండి.

ఇక మన మూలభూమిలో ప్రశ్నా పత్రికా ఒకచోట కూర్చున్న సందర్భాలు లేవా? ఉన్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత కార్యక్రమం నడిచింది. పగలు కూలి చేసుకునే స్త్రీలు రాత్రి తరగతిలో ఒక పాఠం చదివారు. అందులోని కథ తమ కథే. సారా వల్ల కూలిపోయే ఇల్లు తమ ఇల్లే. మరునాడు ఊళ్లోకి సారా రాకుండా అడ్డం నిలిచారు. వారి సంగతి పత్రికల కెక్కింది. అది చదివి, చదివించుకుని విని, ఊరూరా స్త్రీలు కదిలారు. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. తమ సంగతి కాగితంలో కనిపించిన నాడు ఆడవారు వార్తలకు దూరంగా ఉండలేదు. అది రాత్రి తరగతి అన్న సంగతి మా వంటి సాయంకాలపు పంతుళ్లకు కొంచెం గర్వంగా ఉంటుంది.

2008లో మెదక్ ప్రాంతంలోని మాచనూరులో దళిత స్త్రీలు నడిపే సంఘం రేడియో మొదలయింది. విత్తనం సంగతి, వాన సంగతి వారి నోటనే, వారి యాసలోనే. ఇక 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పుట్టి, దేశంలో పలుచోట్ల అమాయకులను కొట్టి చంపారు. తెలంగాణలోని గద్వాల ప్రాంతంలో, వేసవిలో ఆరుబయట మంచాలు వేసుకునే పల్లెజనం లోపలికి పోయి తలుపులు బిగించుకుంటున్నారని పోలీసులు గమనించారు. అప్పటి జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు కాగితం మీద ఖండన రాసి ఊరుకోలేదు. పోలీసులను పల్లె పల్లెకూ పంపారు. డప్పుతో, పాటతో, గుమ్మం ముందు నిలబడి అది అబద్ధమని చెప్పించారు. ఖండన తనంత తానే ఇంటికి నడిచి వెళ్లింది. ఇదే మనం నేర్చుకోవలసినది.

సరే, పాడర్‌బోర్న్‌లో మనం చేయగలిగినదేమిటి? మా మనవి చిన్నది.

ఉగాది నాడు మనం పంచాంగ శ్రవణం చేస్తాము. ఒకరు చదువుతారు, ఆడా మగా పిల్లా పెద్దా ఒకే చాప మీద కూర్చుని వింటారు. వర్షమెంత, పంట ఎంత, ఆదాయమెంత, వ్యయమెంత అని అందరూ అడుగుతారు. ఆ రోజు ఎవరూ ఆడవారిని వంటింట్లోకి పొమ్మనరు. ఏడాదికొక్కసారి గ్రహాల సంగతి అట్లా వినే మనం, వారానికొకసారి మనుషుల సంగతి అట్లా వినలేమా? గత శరదృతువు నుంచి మా సాయంకాలపు తరగతిలో చివరి అరగంట దీనికే కేటాయించాము. ఒకరు ఒక వార్త తెస్తారు, చదువుతారు. బడి రుసుము కావచ్చు, అద్దె కావచ్చు, వీసా నియమం కావచ్చు, ఫోనులో వచ్చిన వైద్యం చిట్కా కావచ్చు. తరువాత మూడు ప్రశ్నలు. చెప్పినదెవరు? కళ్లారా చూసినదెవరు? తిరిగి వచ్చిన మనిషి ఎవరు, అంటే, ఇది నిజమని చూపగల సాక్ష్యమేది? మూడవ ప్రశ్న మా నాయనమ్మది. దానిని మార్చడానికి మాకు మనసొప్పలేదు.

ఆ అరగంట జరగాలంటే ఒక నియమం పెట్టుకున్నాము. ఆ వేళ టీ పెట్టడం, గిన్నెలు కడగడం, చంటిపిల్లలను ఆడించడం మగవారి వంతు. సమయం ఇవ్వకుండా ఆసక్తి లేదని నిందించడం న్యాయం కాదు గదా. మొదటి వారం టీ చాలా చెడ్డగా కుదిరింది. ఇప్పుడు ఫరవాలేదు. ఆ రాత్రి బిడ్డను ఒళ్లో పెట్టుకు కూర్చున్న తల్లే ఇవాళ మా బృందంలో వచ్చే ప్రతి కబురునూ ముందుగా చూస్తుంది. ఆమె సరేనన్న తరువాతనే మేము ముందుకు పంపుతాము. రెండుసార్లు మేము రాసినదాన్నే ఆపివేసింది. రెండుసార్లూ ఆమె మాటే నిజమైంది.

మా ఇంట్లో కూడా ఒక మార్పు వచ్చింది. పత్రిక రాగానే మొదట మా శ్రీమతి చేతికి పోతుంది. టిఫిను మేము చేస్తాము. దోసెలు గుండ్రంగా రావడం లేదని ఆమె ఫిర్యాదు. వార్తలు కూడా అంత బాగా లేవని ఆమె రెండవ ఫిర్యాదు. రెండూ నిజమే. కాని చదువుతున్నది.

తల్లిదండ్రులకు ఒక్క మాట చెప్పి ముగిస్తాము. మీ అమ్మాయి భోజనాల దగ్గర "ఇది ఎవరు చెప్పారు నాన్నా?" అని అడిగితే విసుక్కోకండి. తెలియకపోతే తెలియదని చెప్పండి. ఇద్దరూ కలిసి వెదకండి. మా ఇంట్లో ఎనభై ఏళ్ల కిందట అట్లాంటి ఒక ప్రశ్నకు నవ్వారు. ఆ నవ్వుకు మా చినతాత బలి అయ్యాడు.

 ఈ కొత్త సంవత్సరం మీ ఇళ్లకు నిజమైన వార్తలనే, శుభవార్తలనే తెచ్చుగాక అని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.